ముఖ్యమైన కాగితాలు ఏవో ఇప్పుడే తేల్చకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ నాన్నగారు 1980ల నుంచి పౌరహక్కుల సంఘంలో పనిచేశారు. ఆయన పోయిన తర్వాత మూడు ట్రంకుపెట్టెలు మిగిలాయి. వాటిలో నిజనిర్ధారణ నివేదికల చేతిరాత ప్రతులు, గ్రామస్థుల వాంగ్మూలాలు, ఫోటోలు, క్యాసెట్లు, అధికారులకు పంపిన టెలిగ్రాముల నకళ్లు ఉన్నాయి. వాటి మధ్య బస్సు టికెట్లు, హోటలు బిల్లులు, ఫోను నంబర్లు రాసుకున్న సిగరెట్ పెట్టె అట్టలు కూడా ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేయాలి. ముఖ్యమైనవి స్కాన్ చేయించి మిగతావి పారేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇవి ఎప్పటికైనా కోర్టులో నిలుస్తాయా, ఎవరికి ఇవ్వాలి అన్నది మీ ప్రశ్న.

పాత కాగితాలను భద్రపరిచే వృత్తిలో తల నెరిసినవాణ్ణి. ‘ముఖ్యమైనవి’ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏది ముఖ్యమో ఈ రోజు మీకూ తెలియదు, నాకూ తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో అడగబోయే ప్రశ్న ఏమిటో తెలిస్తేనే కదా దానికి జవాబు ఏ కాగితంలో ఉందో చెప్పగలిగేది. అందుకని ఏదీ పారేయకండి. అంతకన్నా ముందు, ఏదీ సర్దకండి. సర్దొద్దు అన్న మాట వింతగా ఉంటుంది కాబట్టి కారణం కాస్త వివరంగా చెబుతాను.

1990ల మొదట్లో పంజాబులో యువకులు మాయమవుతున్నారు. పోలీసులు తీసుకెళ్లారని తల్లిదండ్రులు, మా దగ్గర లేరని పోలీసులు. ఒకరి మాట మీద ఒకరి మాట. అమృత్‌సర్‌లో ఒక బ్యాంకుకు డైరెక్టరుగా ఉన్న జస్వంత్ సింగ్ ఖాల్రా, కనిపించకుండా పోయిన తన పరిచయస్థుల ఆచూకీ వెతుకుతూ శ్మశానం దాకా వెళ్లారు. అక్కడ ఆయనకు దొరికింది కట్టెల లెక్క. ఎవరూ రాని అనాథ శవాలని చెప్పి పోలీసులు దహనం చేయించినప్పుడల్లా కట్టెల ఖర్చు మునిసిపాలిటీ పద్దులోకి ఎక్కేది. ఏ రోజు, ఏ స్టేషను వాళ్లు, ఎన్ని శవాలు తెచ్చారో ఆ చిట్టాలో ఉంది. రాసిన గుమాస్తాకు మానవ హక్కుల పట్టింపు ఉందో లేదో మనకు అనవసరం. ఆడిట్‌లో లెక్క తేలాలి, అందుకు రాశాడు. అందుకే ఆ రాతకు అంత బలం. ఎవరినో ఇరికించడానికి రాసిందని దాన్ని ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

ఖాల్రా ఆ వివరాలను 1995 జనవరిలో బయటపెట్టారు. అదే ఏడాది సెప్టెంబరు 6న ఆయన్ను ఇంటి ముందు నుంచి ఎత్తుకెళ్లి, తర్వాత చంపేశారు. చిట్టాలు మాత్రం ఉండిపోయాయి. సుప్రీంకోర్టు ఆదేశంపై సీబీఐ అమృత్‌సర్, పట్టీ, తరన్ తారన్ శ్మశానాల లెక్కలు తీసి 2,097 అక్రమ దహనాలను తేల్చింది. వాటిలో 585 మందిని పూర్తిగా, 274 మందిని కొంతవరకు గుర్తించింది. మిగిలిన 1,238 మంది ఎవరో తేలలేదు. ఖాల్రా హత్య కేసులో 2005లో పోలీసులకు శిక్షలు పడ్డాయి, కొందరికి హైకోర్టు వాటిని యావజ్జీవంగా పెంచింది, 2011లో సుప్రీంకోర్టు వాటిని ఖాయం చేసింది.

మీ ఇంట్లోవాళ్లు పారేయమంటున్న బస్సు టికెట్లను నేను ఆ కట్టెల లెక్క పక్కన పెడతాను. ఫలానా ఊరికి ఫలానా రోజున మీ నాన్నగారు నిజంగా వెళ్లారా అని ఎవరైనా నిలదీస్తే, నివేదిక మీద ఉన్న తేదీకి దన్నుగా నిలిచేది ఆ టికెట్టే. నివేదిక ఎప్పుడైనా రాసుకోవచ్చు. ఆర్టీసీ టికెట్టును ఆయన అచ్చువేయించుకోలేదు కదా.

సర్దొద్దని ఎందుకు అన్నానో చెప్పడానికి గ్వాటెమాలాకు వెళ్లాలి. మధ్య అమెరికాలోని ఆ చిన్న దేశంలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం సాగింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా అదృశ్యమయ్యారని ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో పనిచేసిన సత్యశోధన కమిషన్ 1999లో అంచనా వేసింది. తాను నమోదు చేసిన ఉల్లంఘనల్లో 93 శాతానికి ప్రభుత్వ బలగాలు, వాటితో కలిసి పనిచేసిన దళాలే బాధ్యులని చెప్పింది. ఆ కమిషన్ రికార్డులు అడిగినప్పుడు పోలీసు శాఖ తన దగ్గర అలాంటివేమీ లేవని చెప్పి చేతులు దులుపుకుంది. 2005 జూలైలో, రాజధాని నగరంలోని ఒక పోలీసు ఆవరణలో నిల్వ ఉంచిన పేలుడు పదార్థాల వల్ల చుట్టుపక్కల ఇళ్లకు ముప్పుందని మానవ హక్కుల కార్యాలయం సిబ్బంది తనిఖీకి వెళ్లారు. వాళ్లు వెళ్లింది పేలుడు సామగ్రి కోసం. అక్కడి భవనాల్లో కనిపించింది కప్పు దాకా పేర్చిన కాగితపు కట్టలు. సుమారు 8 కోట్ల పుటలు, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి పోగుపడ్డవి. తేమ పట్టి, బూజు పట్టి, ఎలుకలు కొరికి ఉన్నాయి.

ఇరవై, పాతికేళ్లుగా బిడ్డ ఏమయ్యాడో తెలియని కుటుంబాలు ఉన్నాయి. ఆ కుటుంబాలకు ఆ గదుల్లో ఏం చేయాలనిపిస్తుంది? కట్టలు విప్పి పేరు వెతకాలనిపిస్తుంది. దర్యాప్తు చేసేవాళ్లకూ అదే ఆత్రం. అక్కడికి సలహా ఇవ్వడానికి వచ్చిన ఆర్కైవ్ నిపుణులు దానికి ఒప్పుకోలేదు. ఏ విభాగం కట్ట ఆ విభాగంలో, ఏ కార్యాలయం కాగితం ఆ కార్యాలయం వరసలో, ముందు ఏ కాగితం ఉందో వెనుక ఏది ఉందో చెదరకుండా ఉంచాలన్నారు. వినడానికి నిర్దయగా ఉంటుంది. ఆ పట్టుదల వల్ల కలిగిన ఫలితం తర్వాత కోర్టులో తెలిసింది.

ఫెర్నాండో గార్సియా అనే కార్మిక, విద్యార్థి నాయకుణ్ణి 1984 ఫిబ్రవరి 18న నగరంలో పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన ఎవరికీ కనిపించలేదు. భార్య నినెత్ మోంటెనెగ్రో అదృశ్యమైనవారి కుటుంబాలతో కలిసి సంఘం పెట్టి, తర్వాత పార్లమెంటు సభ్యురాలయ్యారు. అయినా భర్త గురించి అధికారికంగా ఒక్క ముక్క బయటికి రాలేదు. ఆర్కైవ్‌లో దొరికిన కాగితాల్లో ‘ఫెర్నాండోను చంపాం’ అని ఎక్కడా లేదు. ఎవరు మాత్రం అలా రాసిపెట్టుకుంటారు? దొరికినవి రోజువారీ ఉత్తర్వులు. ఆ రోజు ఆ ప్రాంతంలో గాలింపుకు ఏ దళాన్ని పంపారన్న ప్రణాళిక ఉంది. ఆపైన, ఆ రోజు ఆ చోట చూపిన ‘ధైర్యసాహసాల’కు నలుగురు పోలీసులకు పతకాలు ఇవ్వాలన్న సిఫార్సు కూడా ఉంది. హంతకుల పేర్లు పతకాల జాబితాలో దొరికాయి. ఇద్దరు పోలీసులకు 2010లో, అప్పటి పోలీసు శాఖ అధిపతికి 2013లో, నలభయ్యేసి ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. అధిపతిని దోషిగా నిలబెట్టాలంటే కింది కార్యాలయంలో ఏం జరుగుతోందో పైవాడికి తెలుసని చూపించాలి. గణాంక నిపుణులు ఆ కాగితాల గుట్టల నుంచి ఎంపిక లేకుండా, యాదృచ్ఛికంగా నమూనాలు తీసి, ఏ కార్యాలయం నుంచి ఏ కార్యాలయానికి కాగితాలు ఎలా నడిచేవో కోర్టుకు వివరించారు. ఎవరో ఒక పుణ్యాత్ముడు ముందే వచ్చి ‘ముఖ్యమైన’ కాగితాలన్నీ ఏరి ఒక పెట్టెలో పెట్టి ఉంటే ఆ లెక్క సాధ్యమయ్యేది కాదు. ఏరిన కాగితం ఏం చెబుతుందో అంతే చెబుతుంది. దాని చోటులో ఉన్న కాగితం, తనను ఎవరు పంపారు, ఎవరు చూశారు, చూసి ఏం చేశారు అన్నది కూడా చెబుతుంది.

పత్రంలో రాసింది అబద్ధమైనా పత్రం పనికివస్తుంది. 1970ల చివర్లో కంబోడియాను ఏలిన ఖ్మేర్ రూజ్ ప్రభుత్వపు తువోల్ స్లెంగ్ జైలులో ఖైదీలు రాసిన ‘ఒప్పుకోలు’ పత్రాలు ఇందుకు ఉదాహరణ. నేను విదేశీ గూఢచారిని అని చిత్రహింసలు భరించలేక రాసిచ్చినవి. రాసిన విషయంలో నిజం లేదు. కానీ వాటి అంచుల్లో జైలు అధిపతి డ్యూక్ సొంత చేతిరాతతో పెట్టిన వ్యాఖ్యలు ఉన్నాయి, ఎవరిని ఇంకా ప్రశ్నించాలో సూచనలు ఉన్నాయి. 1979 జనవరిలో వియత్నాం సేనలు దూసుకొస్తే జైలు సిబ్బంది కాగితాలను వదిలి పారిపోయారు. అక్కడ చనిపోయినవారు కనీసం 12,272 మంది అని 2010లో డ్యూక్‌ను విచారించిన కోర్టు చెప్పగలిగిందంటే ఆ జాబితాలు, ఆ అంచు రాతలే ఆధారం. మీ పెట్టెల్లో కూడా పోలీసుల పత్రికా ప్రకటనలు ఉంటాయి, ‘ఎదురుకాల్పుల్లో మృతి’ అన్న పడికట్టు మాటతో. అవి అబద్ధాలని మీ నాన్నగారు నమ్మి ఉండవచ్చు. అయినా ఉంచండి. ఏ తేదీన, ఏ గంటకు, ఎవరు ఏం చెప్పారన్నదానికి అది సాక్ష్యం. అదే మనిషిని మూడు రోజుల ముందే పట్టుకుపోయారని తల్లి పంపిన టెలిగ్రాము దాని పక్కన ఉంటే ఆ రెండూ కలిసి చెప్పేది వేరు.

ఇక కోర్టు సంగతి. ఇక్కడ మీకు లేనిపోని ఆశ పెట్టను. పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ నివేదిక దానంతట అది క్రిమినల్ కేసులో రుజువు కాదు. వాంగ్మూలం ఇచ్చిన మనిషి బోనెక్కి చెప్పాలి, ఎదుటి వకీలు అడ్డుప్రశ్నలు వేయాలి. నివేదిక చేసే మేలు మరొకటి. ఎవరిని పిలవాలి, ఏ ఆసుపత్రి రిజిస్టరు అడగాలి, ఏ రోజు స్టేషన్ జనరల్ డైరీ తెప్పించాలి అన్నదానికి అది దారి చూపిస్తుంది. మణిపూర్‌లో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు స్వయంగా జాబితా కట్టి, 1,528 అనుమానాస్పద మరణాలపై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కోర్టు నియమించిన జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ మొదట పరిశీలించిన ఆరు ఉదంతాల్లో ఒక్కటీ నిజమైన ఎన్‌కౌంటర్ కాదని తేలింది. ఏళ్లు గడిచిపోయాయన్న ఒక్క కారణంతో ఇలాంటి మరణాలను వదిలేయలేమని కోర్టు 2017లో చెప్పింది. ఆ జాబితా కట్టినవాళ్లు ఇంటింటికీ తిరిగి కాగితాలు పోగుచేసిన మామూలు మనుషులు.

మన దగ్గర అనుభవం చేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ప్రత్యేక న్యాయస్థానం తీర్పు 2007లో వచ్చింది, 2014లో హైకోర్టు దోషులందరినీ విడుదల చేసింది. వాకపల్లిలో 2007లో ఆదివాసీ స్త్రీలు చేసిన అత్యాచార ఆరోపణలపై 2023లో ప్రత్యేక కోర్టు, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపుతూనే, పోలీసులను నిర్దోషులుగా వదిలి, బాధితులకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్లు, ఇరవై మూడేళ్లు నడిచే కేసులివి. మొదటి వారంలో నమోదు కానిది తర్వాత పుట్టదు. ఆ మొదటి వారంలో పోలీసులతో సంబంధం లేని మనిషి రాసిన కాగితం చాలాచోట్ల ఒక్కటే ఉంటుంది. అది మీ నాన్నగారివంటి వాళ్లు రాసింది.

చట్టంలో మీకు అనుకూలమైన ఒక అంశం ఉంది. ముప్పై ఏళ్లు నిండిన పత్రం, ఉండవలసిన చోటు నుంచే వచ్చిందని కోర్టుకు నమ్మకం కుదిరితే, అందులోని సంతకం, చేతిరాత ఎవరివని చెబుతున్నారో వారివేనని కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఇది 90వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 92. రాసిన విషయం నిజమని భావించడం కాదు, చేతిరాత వరకే. కానీ రాసినవారు, సంతకం చేసినవారు చాలామంది ఇప్పుడు లేరు కాబట్టి ఇది చిన్న వెసులుబాటు కాదు. ఇక్కడే ‘ఉండవలసిన చోటు’ అన్న షరతు ముఖ్యం. పెట్టె ఎవరి ఇంట్లో ఉంది, ఎప్పుడు ఎవరి చేతికి మారింది, మధ్యలో ఎవరు తెరిచారు అన్నది రాసి ఉండాలి. ఆర్కైవ్‌లో మేము చేసే పనిలో సగం ఇదే. మీరు ఇవాళే ఒక తెల్లకాగితం మీద మొదలుపెట్టవచ్చు. పెట్టెలు ఏ గదిలో ఉండేవి, నాన్నగారు పోయాక తాళం ఎవరి దగ్గర ఉంది, మీరు ఎప్పుడు తెరిచారు, ఏం ముట్టుకున్నారు అన్నది రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ఇంట్లో ఇంకొకరిచేత కూడా సంతకం చేయించండి.

స్కానింగ్ వద్దని నేను అనడం లేదు. స్కాన్ చేశాక అసలును పారేయడమే కూడదంటున్నాను. సిరా, కాగితం వయసు, కార్బన్ కాపీ ఒత్తు, పిన్ను గుచ్చిన రంధ్రాలు ఇవేవీ స్కాన్‌లో పరీక్షకు దొరకవు. పైగా డిజిటల్ ప్రతిని కోర్టులో పెట్టాలంటే అది ఏ యంత్రంతో, ఎలా తయారైందో చెప్పే ధ్రువపత్రం ఉండాలి. పాత చట్టంలోని 65బి, కొత్త చట్టంలోని 63వ సెక్షన్ దీని గురించే. స్కాన్ చేసేటప్పుడే ఎవరు, ఎక్కడ, ఏ తేదీన చేశారో రాసుకోండి. రంగుల్లో, కాగితం రెండు వైపులా, అంచులు తెగకుండా చేయించండి. వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే. ప్రతి ఫైలుకు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలు నుంచి కంప్యూటర్ లెక్కగట్టే గుర్తింపు సంఖ్య, తీయించి ఆ జాబితాను విడిగా ఉంచండి. తర్వాత ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది కాబట్టి ఎవరూ దిద్దలేదని చూపించవచ్చు. కంప్యూటర్ తెలిసిన పిల్లవాడు ఎవరైనా చేసిపెడతాడు.

‘ఏదో ఒక సైటులో ఎక్కిస్తే ఎప్పటికీ ఉంటుంది కదా’ అని మీ తమ్ముడు అన్నారట. ఉండదు. సిరియా యుద్ధంలో పౌరులు ప్రాణాలకు తెగించి తీసిన వీడియోలను 2017లో యూట్యూబ్ తన యంత్రాల లెక్కప్రకారం హింసాత్మకమైనవని పెద్దసంఖ్యలో తొలగించింది. విడిగా ప్రతులు దాచుకున్న స్వచ్ఛంద ఆర్కైవులు ఉండబట్టి కొన్ని దక్కాయి. అదే సిరియా నుంచి ‘సీజర్’ అన్న మారుపేరుతో ఒక మిలిటరీ ఫోటోగ్రాఫర్ 2013లో దాదాపు 53,000 ఫోటోలు బయటికి తెచ్చాడు. నిర్బంధంలో చనిపోయినవారి శవాలను ఉద్యోగ విధిగా తీసినవి, వాటి మీదో పక్కనో అంకెలతో సహా. ఖైదీ నంబరు, పట్టుకున్న విభాగం నంబరు, ఆసుపత్రి నంబరు. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు 2022లో ఒక సిరియా గూఢచార అధికారికి యావజ్జీవ శిక్ష వేసిన కేసులో ఆ ఫోటోలను పరిశీలించారు. శవాన్ని మాత్రం ఉంచి అంకెల కాగితాన్ని కత్తిరించిన ఫోటో అయితే అది జాలి పుట్టించగలదు గానీ ఏ విభాగాన్నీ వేలెత్తి చూపలేదు. మీ ఫోటోల వెనక పెన్సిలు రాతలు, స్టూడియో ముద్రలు ఉన్నాయేమో చూడండి. ఆల్బమ్‌లో అంటించి వాటిని కప్పేయకండి.

పెట్టెల విషయంలో కొన్ని జాగ్రత్తలు. అన్నిటికన్నా ముందు ఫ్యాక్సు కాగితాలను వెతకండి. 1990ల నాటి ఫ్యాక్సులు వేడికి నల్లబడే కాగితం మీద వచ్చేవి, అక్షరాలు తమంతట తామే వెలిసిపోతాయి. ఈ వారంలోనే వాటిని ఫోటో తీసి, మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి, అసలుతోపాటే ఉంచండి. తుప్పు పట్టిన పిన్నులు కాగితాన్ని తినేస్తుంటే నెమ్మదిగా తీయండి, కానీ ఆ కాగితాలు ఒకటిగా ఉండేవని తెలిసేలా మడిచిన తెల్లకాగితంలో పెట్టండి. లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వేయకండి. చిరిగినది చిరిగినట్టే ఉండనివ్వండి. కవర్లు పారేయవద్దు, వాటి మీద తపాలా ముద్ర ఉంటుంది. చెదలు రాకుండా పెట్టెలను నేలకూ గోడకూ తగలకుండా బల్ల మీద పెట్టండి. అంకె వేయాలంటే మెత్తని పెన్సిలుతో, వెనక మూలన వేయండి. క్యాసెట్లను ఉత్సాహం కొద్దీ ఇంట్లోని పాత టేపురికార్డర్‌లో పెట్టి వినకండి. బూజు పట్టిన టేపు ఒకే ఒక్కసారి తిరిగే స్థితిలో ఉండవచ్చు. ఆ ఒక్కసారీ రికార్డు చేసే యంత్రంలోనే తిరగాలి. వాటి వెనక ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచేస్తే పొరపాటున చెరిగిపోకుండా ఉంటాయి.

అప్పగించడం గురించి. ప్రభుత్వ ఆర్కైవ్‌కు ఇద్దామా అని అడిగారు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మీద నాకు గౌరవం ఉంది. నిజాం కాలపు రికార్డులకు దానికి సాటి లేదు. కానీ ప్రభుత్వం మీదనే ఆరోపణలున్న కాగితాలను ప్రభుత్వ గదిలో పెట్టేముందు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హత్యలపై నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని నివేదిక ఇచ్చింది. దాన్ని ప్రభుత్వం ప్రచురించలేదు. మామూలు పరిశోధకుడు ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో దాన్ని చూసేసరికి 2013 వచ్చింది. కాగితం భద్రంగానే ఉంది, తలుపే మూసి ఉంది. రెండోది దక్షిణాఫ్రికా. అక్కడ వర్ణవివక్ష పాలన ముగిసి అధికారం చేతులు మారబోతున్నప్పుడు, 1993లో, గూఢచార శాఖ దాదాపు 44 టన్నుల రికార్డులను కొలిమిలో కాల్చేసింది. తర్వాత వచ్చిన సత్య కమిషన్‌కు ఆ బూడిదే మిగిలింది. గ్వాటెమాలాలో సైతం 2018లో ఆర్కైవ్ డైరెక్టరును ఉన్నట్టుండి తొలగించారు. అప్పటికే కోట్ల పుటల ప్రతులు స్విట్జర్లాండ్‌లో, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉండటం వల్ల ధైర్యంగా ఉండగలిగారు.

అసలు పత్రాలు ఒకచోట, పూర్తి డిజిటల్ ప్రతి వేరే ఊళ్లో, వీలైతే వేరే యాజమాన్యం కింద ఉండాలి. వరదకూ ఈ సూత్రం వర్తిస్తుంది. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అమూల్యమైన పుస్తకాలు నీళ్లలో మునిగాయి. అసలు ప్రతులను ఇవ్వడానికి వ్యక్తుల పత్రాలను తీసుకునే విశ్వవిద్యాలయ ఆర్కైవులు, ఢిల్లీలోని ప్రధానమంత్రుల సంగ్రహాలయం వంటివి ఉన్నాయి. ఎవరిని సంప్రదించినా ఇవి అడగండి. పెట్టెలను మీరిచ్చిన వరసలోనే ఉంచుతారా? చెత్త అనుకున్నవాటిని మీకు చెప్పకుండా తీసేసే పద్ధతి ఉందా? క్యాసెట్లకు యంత్రం, మనిషి ఉన్నారా? ఎవరెవరు చూడవచ్చు, ఎన్నేళ్ల తర్వాత చూడవచ్చు అన్నదాన్ని ఒప్పందంలో రాస్తారా? జవాబులు నసుగుతూ వస్తే పెట్టెలు మీ ఇంట్లోనే నయం.

చూడనివ్వడం దగ్గర జాగ్రత్త ఎక్కువే కావాలి. ఈ కాగితాల్లో ఆనాడు ధైర్యం చేసి మాట్లాడిన మనుషుల పేర్లున్నాయి. వాళ్లలో చాలామంది అదే ఊళ్లో, అదే పెత్తందారు ఇంటి పక్కన బతుకుతూ ఉంటారు. పోలీసులకు సమాచారం ఇచ్చారని అనుమానపడ్డవారి పేర్లూ ఉండవచ్చు. అటువైపు నుంచీ ప్రాణం మీదికి వస్తుంది. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టడం నేరం కూడా. తూర్పు జర్మనీ రహస్య పోలీసుల ఫైళ్లను 1992 నుంచి జనానికి తెరిచినప్పుడు, ఎవరి ఫైలు వారు చూడవచ్చు గానీ అందులో వచ్చే ఇతర బాధితుల పేర్లు నల్లరంగుతో కప్పి ఇచ్చేవారు. అలాంటి నియమం మీరూ పెట్టుకోండి. అసలులో ఏదీ కొట్టివేయకండి, పరిశోధకులకు చూపించే ప్రతిలో మాత్రం పేర్లు కప్పండి. ఇంటర్నెట్‌లో పెట్టడం చివరి మెట్టు, మొదటిది కాదు. ఈ రాష్ట్రంలో సాక్ష్యం పోగుచేసినవాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్న చరిత్ర ఉంది. పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరులో వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2000లో అదే సంఘం నాయకుడు పురుషోత్తంను హైదరాబాద్‌లో చంపారు. మీ నాన్నగారికి ఇవన్నీ తెలుసు. కొన్ని పేర్ల బదులు పొడి అక్షరాలు కనిపిస్తే ఆయన మరచిపోయి రాసినవి కావు.

అందుకే కాగితాలతోపాటు మనుషులను కూడా చూడాలి. నాన్నగారితో నిజనిర్ధారణకు తిరిగిన సహచరుల్లో ఎవరు ఉన్నారో కనుక్కోండి. ఆ పొడి అక్షరాలు ఎవరివో, ఆ చేతిరాత ఎవరిదో, ఫోటోలో ఎడమ వైపు నిలబడింది ఎవరో చెప్పగలిగేది వాళ్లే, వాళ్లకూ డెబ్బై, ఎనభై ఏళ్లు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, ఫోటోలు ముందు పెట్టి, వాళ్లు చెప్పేది రికార్డు చేయండి. తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారో మొదట్లోనే మైకులో చెప్పించండి. గుర్తులేదంటే గుర్తులేదనే ఉండనివ్వండి, మీరు అందివ్వకండి.

సమాచార హక్కు చట్టాన్ని కూడా వాడుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన సమాచారానికి చాలా మినహాయింపులు వర్తించవు. చట్టం పరిధి నుంచి తప్పించిన గూఢచార, భద్రతా సంస్థలు సైతం మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన సమాచారం అడిగితే ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతుంది. నివేదికల్లో ఉన్న తేదీలు, స్టేషన్ల పేర్లు పట్టుకుని అడగండి. గడువు తీరిందని ధ్వంసం చేశామని జవాబు వస్తే నిరాశపడకండి. ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన ధ్వంసం చేశారో చెప్పమని మళ్లీ అడగండి. ఆ జవాబునూ కవరుతో సహా నాలుగో పెట్టెలో పెట్టండి. మొదటి మూడింటిలో మాత్రం కలపకండి.